అన్నం గుండిగ దగ్గర ఎవరు కూర్చోవాలి

సుకింతెన్ కూర్చున్న పొయ్యి దగ్గర అన్నం ఏనాడూ తక్కువ పడలేదు. ఈ మాట మా పేటలో ఆమెకు పగవాళ్ళయినవాళ్ళు కూడా ఒప్పుకుంటారు. వార్డు పెద్ద దర్సోనో గారి కూతుళ్ళ పెళ్ళిళ్ళన్నింటికీ అన్నం దించింది ఆమె. మసీదు పెద్ద కొడుకు సున్తీ విందుకు ఆమె. ముసలి కర్తో తాత వెయ్యి రోజుల కర్మకు, జోరున వాన కురుస్తుంటే గొడుగు కింద పొయ్యి రగిలించి వండిపెట్టింది ఆమె. భూకంపం వచ్చిన ఏడాది ఇళ్ళు కూలి జనం గుడారాల్లో పడుకున్నప్పుడు, తన ఇంటి గోడ పడిపోయిందని కూడా చూసుకోకుండా గుండిగ మోసుకొచ్చింది ఆమె. చదివింది ఆరో తరగతి. అయితేనేం, బాతిక్ కార్ఖానాలో మైనపు గీత వేయడానికి ఆమెకు మించిన చెయ్యి సోలో ఊళ్ళో లేదని యజమాని నలుగురిలో చెప్పేవాడు. ఆమె గీసిన బట్ట ఒకటి జకార్తాలో మంత్రిగారి భార్య నడుముకు చుట్టుకుందట.

ఆ కార్ఖానా మూతపడింది. భర్త అంతకుముందే పోయాడు. కొడుకు హర్యోకో మోటారు షెడ్డులో కొత్తగా చేరాడు. సుకింతెన్ పని కోసం తిరిగి తిరిగి, చివరికి పెద్ద బజారులో మరుగుదొడ్ల కాపలాకు కుదిరింది. వాకిట్లో స్టూలు వేసుకుని కూర్చోవడం, తొట్లు నింపడం, బ్రష్షు పెట్టి కడగడం. ఆమె కడిగాక అక్కడ నేల మీద కూర్చుని భోంచేయొచ్చని కూరగాయల వాళ్ళు అనేవారు.

ఆమె స్నేహితురాళ్ళు మాత్రం ఆ మాట అనలేదు. ముర్వానీ, కుస్రినీ చిన్నప్పటి నుంచి ఆమెతో కలిసి తిరిగినవాళ్ళు. ఒకరి జడ ఒకరు అల్లుకున్నవాళ్ళు. ముర్వానీ మొగుడు మండలాఫీసులో పని చేస్తాడు. కుస్రినీకి బట్టల కొట్టు. మర్యాదగల ఆడవాళ్ళను మేం పేరుకు ముందు ‘బు’ అని పిలుస్తాం. కూరలమ్మేవాళ్ళనూ పనిమనుషులనూ ‘యు’ అంటాం. సుకింతెన్ బజారు పనిలో చేరిన నెల తిరక్కుండా ఆ ఇద్దరి నోట ఆమె ‘యు తెన్’ అయిపోయింది.

“అలవాటుగా వచ్చేసిందే, ఏమనుకోకు” అని నవ్వేది కుస్రినీ.

సుకింతెన్ ఏమీ అనుకోనట్టే ఉండేది. లోపల మాత్రం ఒక్కొక్క పిలుపూ గుర్తు పెట్టుకుంది.

ముర్వానీ కూతురి పెళ్ళి కుదిరింది. మా పేటలో పెళ్ళంటే ఇరుగుపొరుగు ఆడవాళ్ళంతా చేరి వండాలి. ఆ చేతిసాయాన్ని రెవాంగ్ అంటాం. ఈరోజు మనం వాళ్ళింటికి వెళ్తే రేపు వాళ్ళు మనింటికి వస్తారు. కొబ్బరి కోరేది ఎవరు, ఉల్లిపాయలు ఒలిచేది ఎవరు అన్నది వయసునూ పరువునూ బట్టి తేలుతుంది. అన్నం గుండిగ దగ్గర మాత్రం ఒక్కరే కూర్చుంటారు. ఆ మనిషి మొదటి వాయి దిగేదాకా ఉపవాసం ఉండాలి. ఆ మూత ఇంకొకరు ఎత్తడానికి లేదు. ఆ మనిషిని పిలవడానికి ఇంటావిడ స్వయంగా రావాలి.

ముర్వానీ రాలేదు. రంగుల కార్డు పంపింది. కార్డు వచ్చేది విందు తినే అతిథులకు. సుకింతెన్ దాన్ని తలుపు సందులో దోపి, పిచ్చి మొహంది, పెళ్ళి హడావుడిలో మర్చిపోయి ఉంటుంది, నన్ను కొత్తగా పిలవాలా ఏంటి అనుకుంది. పెళ్ళిరోజున ఏమీ తినకుండా, తెల్లవారేసరికి తల దువ్వుకుని, ఉతికిన బట్ట కట్టుకుని ముర్వానీ పెరట్లోకి వెళ్ళింది.

గుండిగ దగ్గర కుస్రినీ కూర్చుని ఉంది.

“ఇంత పొద్దున్నే వచ్చావేం యు తెన్? కార్డు అందలేదా?”

“అందింది. లే, బియ్యం ఎసట్లో పోసే వేళయింది.”

కుస్రినీ లేవలేదు. “ముర్వానీ, నీకోసం వచ్చారు చూడు” అని కేకేసింది.

ముర్వానీ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. మొహం నిండా నవ్వు పులుముకుని, “పాపం, బజారులో నిలబడి నిలబడి అలిసిపోయి ఉంటావు. నీకెందుకీ పొగ? పందిట్లో ముందు వరసలో కుర్చీ వేయించాను, హాయిగా అతిథిలా కూర్చో” అంది.

“నేను నీకు అతిథిని ఎప్పటినుంచి అయ్యాను?”

“కోపమెందుకు? గౌరవంగానే చెప్తున్నాగా.”

“గౌరవమైతే వద్దులే. నా చోటు నాకివ్వు.”

కొబ్బరి కోరుతున్నవాళ్ళు చేతులు ఆపేశారు. కుస్రినీ గొంతు సవరించుకుంది.

“ఉన్నమాట అంటే ఉలుకు గానీ, పొద్దస్తమానం ఆ బ్రష్షు పట్టుకున్న చెయ్యి. ఆ చేత్తో అన్నం కలిపితే ఎవరికి సయిస్తుంది?”

“నువ్వు బజారుకొచ్చిన ప్రతిసారీ ఆ చెయ్యే నీకు చెంబుతో నీళ్ళు అందించింది. అప్పుడు సయించిందా?”

ఉల్లిపాయలు ఒలుస్తున్న పేట కొత్త కోడళ్ళు కిసుక్కున నవ్వారు. ముర్వానీ మొహంలో నవ్వు పోయింది.

“మెల్లిగా మాట్లాడు. పెళ్ళివారు సెమరాంగ్ నుంచి వస్తున్నారు. అన్నం వండింది ఎవరని అడిగితే నన్నేం చెప్పమంటావ్? మా స్నేహితురాలు, పాయిఖానాలు కడుగుతుందని చెప్పనా?”

“అలాగే చెప్పు. అబద్ధం కాదుగా.”

“నీకు సిగ్గు లేకపోతే మాకు ఉండొద్దా?”

సుకింతెన్ ఒక్క అడుగు ముందుకు వేసింది. “నా కొడుకు పెళ్ళి వచ్చే నెలలోనే. ఇవాళ నా చెయ్యి వద్దన్నావు. రేపు నా వంటింటికి ఎవరొస్తారు? అది ఆలోచించావా?”

“దానికేముంది” అంది ముర్వానీ, తలుపు వైపు తిరుగుతూ. “ఇప్పుడు కేటరింగ్ వాళ్ళున్నారు.”

ఆ మాటకు కోడళ్ళు కూడా నవ్వలేదు.

సుకింతెన్ పందిట్లో కూర్చోలేదు. వచ్చిన దారినే ఇంటికి వెళ్ళి, చల్లారిన సోయా టెంపె ముక్కలతో ఉపవాసం విడిచింది. కొడుకు పెళ్ళి రెవాంగ్‌కు ఇంటింటికీ వెళ్ళి పిలిస్తే, వారం తిరిగేలోగా పేటలో ఒక్కొక్కరికీ ఒక్కో అడ్డం వచ్చింది. ఒకావిడకు నడుం నొప్పి, ఒకావిడకు మనవడికి జ్వరం, ఇంకొకావిడకు అదే రోజున ఊరికి పోవాల్సిన పని. ముర్వానీ ఇంట్లో జరిగింది చూసినవాళ్ళెవరూ సుకింతెన్ ఇంట్లో గరిటె పట్టడానికి సిద్ధంగా లేరు.

“పోనీలేమ్మా, కేటరింగే పెట్టిద్దాం” అన్నాడు హర్యోకో.

“నోర్ముయ్. రెవాంగ్‌కు ఎవరూ రాని ఇంటికి శవం లేచినా ఎవరూ రారు. రేపు నన్ను వల్లకాటికి కేటరింగ్ వాళ్ళు మోస్తారా?”

మర్నాడు ఆమె బజారులో బరువులు మోసే ఆడవాళ్ళ దగ్గరకు వెళ్ళింది. వాళ్ళు వీపున గుడ్డ కట్టుకుని బియ్యం మూటలూ క్యాబేజీ బుట్టలూ మోస్తారు. వాళ్ళ నాయకురాలు పోనియెమ్. బండ గొంతు, బండ మనిషి. మూటకు ఆనుకుని టీ తాగుతోంది.

“నా కొడుకు పెళ్ళి. మీరంతా రెవాంగ్‌కు రావాలి” అంది సుకింతెన్.

పోనియెమ్ గ్లాసు కింద పెట్టింది. “ఓహో. స్నేహితురాళ్ళు తన్ని తగలేస్తే మేం గుర్తొచ్చామా?”

సుకింతెన్ కొంగు సర్దుకుంది.

“నువ్వు పనిలో చేరిన కొత్తలో నేను టీ ఇస్తే ఏమన్నావ్? ఇప్పుడే తాగానన్నావ్. ఏడాది నుంచీ రోజూ ఇప్పుడే తాగావ్. మా గ్లాసంటే అసహ్యమని మాకు తెలీదనుకున్నావా? మరుగుదొడ్డి ముందు కూర్చుని కూడా పెద్దింటి బిడ్డలా కొంగు సర్దుకునేదానివి!”

చుట్టూ ఉన్నవాళ్ళు ఘొల్లుమన్నారు. సుకింతెన్ మొహం కందిపోయింది. అక్కడి నుంచి వెళ్ళిపోదామనుకుంది. వెళ్తే ఆమెకు అడగడానికి ఇంకో గడప లేదు.

“అన్నాను. ఇప్పుడేం చెయ్యమంటావ్?”

“వస్తాం. అందరం వస్తాం, మా మొగుళ్ళు పందిరి కూడా వేస్తారు. అయితే ఒక్క మాట. నన్ను గిన్నెలు తోమమంటే కుదరదు. మా ఊళ్ళో, ఇక్కడా, ఎక్కడికెళ్ళినా నాకు ఆ మూలే చూపించారు. అన్నం దగ్గర నేను కూర్చుంటా.”

పెళ్ళికొడుకు తల్లి తన ఇంట్లో తాను అన్నం వండటానికి వీల్లేదు, వేరేవాళ్ళు కూర్చోవాల్సిందే. ఆ సంగతి సుకింతెన్‌కు తెలుసు. అయినా ఆ చోట ఒక మూటలు మోసే ఆడమనిషి! ఆమె చూపు పోనియెమ్ గోళ్ళ మీద పడింది. గోళ్ళలో మట్టి ఉంది. ఏమిటి చూస్తోందో పోనియెమ్‌కు అర్థమైంది. చెయ్యి దాచుకోలేదు, ఇంకా ముందుకు చాపింది.

“చూసుకో, బాగా చూసుకో. కడుక్కుంటే పోతుంది. నీది పోయిందిగా?”

సుకింతెన్ స్టూలు మీద కూర్చుని ఆ మధ్యాహ్నమంతా ఆలోచించింది. సాయంత్రం బజారు కట్టేశాక పోనియెమ్ అద్దె గదికి వెళ్ళి, గుమ్మంలో చెప్పులు విడిచి, పద్ధతి ప్రకారం రెండు చేతులూ జోడించి అన్నం దగ్గర కూర్చోమని అడిగింది. పోనియెమ్ గ్లాసులో టీ పోసి ముందు పెట్టింది. సుకింతెన్ తాగింది. అది కషాయంలా ఉంది.

ఈ సంగతి పేటకు చేరడానికి ఒక్క పూట పట్టింది. మర్నాడు పొద్దు వాలుతుండగా ముర్వానీ, కుస్రినీ అరటి అత్తం ఒకటి పట్టుకుని సుకింతెన్ ఇంటికి వచ్చారు.

“ఏంటిది బు సుకింతెన్? బరువులు మోసేదాన్ని అన్నం దగ్గర కూర్చోబెడతావా? పేట పరువేం కావాలి?” అంది ముర్వానీ.

“అయిందేదో అయింది. ముర్వానీయే వచ్చి నీ అన్నం దగ్గర కూర్చుంటానంటోంది. పేటంతా వస్తుంది. ఆ బజారు మందకు ఏదో ఒకటి చెప్పి పంపించెయ్” అంది కుస్రినీ.

సుకింతెన్ వాళ్ళ మొహాల్లోకి చూసింది. ముర్వానీ కూర్చుంటే పేటలో ప్రతి నడుం నొప్పీ తగ్గిపోతుంది, ప్రతి మనవడి జ్వరమూ దిగిపోతుంది. ఆ కాసేపు ఆమె నిజంగానే ఊగిసలాడింది.

“అన్నం దగ్గర మనిషి కుదిరింది” అంది చివరికి. “ఉల్లిపాయల దగ్గరే మనుషులు తక్కువ. ఇద్దరూ వస్తారా? కత్తులు నేనే ఇస్తాను.”

ముర్వానీ గట్టు మీద పెట్టిన అరటి అత్తాన్ని మళ్ళీ చంకన పెట్టుకుని వెనుదిరిగింది. కుస్రినీ గేటు దగ్గర ఆగి, “చూద్దాం, నీ పందిట్లో ఎన్ని కుర్చీలు నిండుతాయో!” అని అరిచింది.

సగం కుర్చీలు నిండలేదు. వంటింట్లో మాత్రం కాలు పెట్టడానికి చోటు లేదు. పోనియెమ్ గుండిగ ముందు బాసింపట్టు వేసి కూర్చుంది. వార్డు పెద్ద భార్య ఒక్కావిడ మొహమాటానికి వచ్చి మూత ఎత్తి చూడబోతే పోనియెమ్ ఆవిడ చేతి మీద ఒక్కటి వేసింది. మొదటి వాయి కాస్త పలుకుగా దిగింది. సుకింతెన్ గడప దగ్గర నిలబడి చూసింది. నోటిదాకా వచ్చిన మాటను మింగి, పందిట్లోకి వెళ్ళిపోయింది.

అన్నం చాలా మిగిలింది. మర్నాడు సుకింతెన్ చాపలు పట్టుకొచ్చి, ముర్వానీ ఇంటి ఎదురుగా, సందు పొడవునా పరిచి ఆ అన్నాన్ని ఎండబెట్టింది. దారినపోయేవాళ్ళు ఇదేంటని అడిగితే దాచలేదు.

“పెళ్ళికి రానివాళ్ళ వాటా” అంది, ముర్వానీ కిటికీ దాకా వినబడేలా. “ఎండాక వేయించి మా బజారు వాళ్ళకు పంచుతాను. మీరు కొంచెం అటుపక్కగా నడవండి, తొక్కుతారు.”