కోస్గి దాకా పోయిన బ్యాటరీ కేసు

ఫోనుకు బ్యాటరీ కేసు మంచిదా కాదా అని ఎవరైనా అడిగితే నేను వెంటనే జవాబు చెప్పను. ముందు నీకు పెళ్లయిందా అని అడుగుతాను. కాలేదంటే, కొనుక్కో గానీ దాని పేరు మాత్రం మీ ఇంట్లో పెద్దవాళ్లకు నేర్పకు అంటాను. వాళ్లు నన్ను వింతగా చూస్తారు. అప్పుడు ఈ సంగతంతా చెప్పాల్సి వస్తుంది.

మాది చౌటుప్పల్ దగ్గర నేతపని చేసేవాళ్ల ఊరు. బాపు మగ్గం మీద పట్టుచీరలు నేస్తాడు. నాకు మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చునే ఓపిక ఎప్పుడూ లేదు కాబట్టి చీరలు అమ్మే పని నా నెత్తిన పడింది. తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు మంచి కెమెరా ఉన్న ఫోను ఒకటి కొన్నాను. బండి మీద మగ్గాలున్న ఇండ్లన్నీ తిరుగుతూ, అక్కడికక్కడే చీర విప్పి, వీడియో కాల్‌లో హైదరాబాదు ఆడవాళ్లకు చూపించేవాణ్ని. వాళ్లు ఊరికే కొనరు. కొంగు చూపించు, అంచు దగ్గరగా పెట్టు, ఎండలోకి తీసుకురా, ఇప్పుడు నీడలో చూపించు అంటారు. అంతా అయ్యాక మా ఆడబిడ్డను కూడా అడగనివ్వు అంటారు. ఆ ఆడబిడ్డ లైనులోకి వచ్చేసరికి నా ఫోను చచ్చిపోయేది. మధ్యాహ్నం దాటితే చాలు, బ్యాటరీ ఉండేది కాదు.

మొదట పవర్ బ్యాంక్ కొన్నాను. దాని వైరు వేలాడుతూ చీర మీద పడేది. ఒకసారి వైరు కొన తగులుకుని జరీ పోగు లేచింది. బాపు ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. దాన్నయినా ఓర్చుకున్నాను గానీ మనుషులతో వేగలేకపోయాను. ఊళ్లో పవర్ బ్యాంక్ ఉన్నవాడు చలివేంద్రం పెట్టినవాడితో సమానం. దారినపోయే ప్రతివాడికీ నేనే గుర్తొచ్చేవాణ్ని. "జర ఇయ్యరాదే, గిప్పుడే తెస్త" అని తీసుకుపోయినవాడు పొద్దు గూకాక ఖాళీ డబ్బా తెచ్చి చేతిలో పెట్టేవాడు. మొహమాటానికి లేదనలేను, ఇచ్చాక తిట్టుకోకుండా ఉండలేను.

చౌటుప్పల్‌లో ఫోన్లు బాగుచేసే షాపాయన నా గోడు విని ఒక నల్లటి వస్తువు తీసి చూపించాడు. చూడటానికి మామూలు పౌచ్ లాగే ఉంది, కాకపోతే బాగా ఒళ్లు చేసిన పౌచ్. ఫోనును అందులో దూర్చితే చాలు, వేలాడే వైరు లేకుండా అదే ఛార్జింగ్ ఎక్కిస్తుంది. "దీన్ని బ్యాటరీ కేసు అంటరు" అన్నాడు. మా దగ్గర ఫోనుకు తొడిగేదాన్ని అందరూ పౌచ్ అనే అంటారు. కేసు అంటే పోలీసు ఠాణాలో పెట్టేదే. కొత్త వస్తువుకు కొత్త పేరుంటే గొప్పగా ఉంటుందనిపించి నేను ఆ మాటనే పట్టుకున్నాను. ఇంటికి పోయి బాపును కన్న మా అవ్వకు కూడా అదే నేర్పాను.

ఆ కేసు చేసిన మేలు తక్కువేం కాదు. ఫోను రెండుసార్లు బండి మీది నుంచి పడినా అద్దం పగల్లేదు. పొద్దంతా వీడియోలు చూపించినా బ్యాటరీ మిగిలేది. అన్నిటికంటే పెద్ద మేలు, అది ఎవరికీ అరువివ్వడానికి పనికిరాదు. నా ఫోనుకు తప్ప ఇంకే ఫోనుకూ పట్టదు. అడిగినవాళ్లకల్లా సంతోషంగా తీసి ఇచ్చేవాణ్ని. వాళ్లే తమ ఫోనును అటూ ఇటూ దూర్చి చూసి, పెదవి విరిచి తిరిగిచ్చేవాళ్లు. ఇవ్వలేదన్న మాట లేదు, ఇచ్చిన నష్టమూ లేదు.

ఇక దానితో పడ్డ పాట్లంటారా, చొక్కా జేబులో పెడితే ఒక పక్క భుజం కిందికి దిగేది. ప్యాంటు జేబులో పెట్టుకుని కూర్చుంటే తొడ వేడెక్కేది. ఎండాకాలంలో ఫోనూ కేసూ పోటీపడి కాలిపోతుంటే కెమెరా దానంతటదే ఆగిపోయేది. నేను చీర పక్కన పెట్టి, రెండింటినీ విడదీసి, నీళ్ల కుండ పక్కన కాసేపు కూర్చోబెట్టేవాణ్ని. పైగా ఫోను మారిస్తే కేసు దండగ అవుతుంది కాబట్టి ఫోను పాతబడినా మార్చబుద్ధి కాలేదు. ఫోను కోసం కేసు కొన్నానా, కేసు కోసం ఫోను మోస్తున్నానా అని నాకే అనుమానం వచ్చేది. బాపు దాన్ని ఇటుకపెళ్ల అనేవాడు. అవ్వకు మాత్రం అదంటే మహా గర్వం.

ఆ రోజుల్లోనే నాకు కోస్గి నుంచి సంబంధం వచ్చింది. జిల్లాల పేర్లు మారుతున్నా వాళ్లు మేం పాలమూరోళ్లమనే చెప్పుకునేవాళ్లు. వాళ్లదీ ఒకప్పుడు నేతపనే. అమ్మాయి తండ్రి మాత్రం మగ్గం వదిలి, ట్రాక్టరు కొని వ్యవసాయంలోకి దిగాడు. పెళ్లిచూపులకు సన్నగా, అందంగా పోవాలని నేను కేసు ఇంట్లోనే వదిలి ఉత్త ఫోనుతో వెళ్లాను. ఆ రోజు దాన్ని వాళ్లు చూసి ఉంటే ఇంత రాద్ధాంతం జరిగేదే కాదు.

అమ్మాయి ఎక్కువ మాట్లాడలేదు. "వీడియోల చీరె రంగు ఉన్నది ఉన్నట్టే కనవడ్తదా?" అని మాత్రం అడిగింది. కనబడదు, జర ఎక్కువ మెరుస్తది అన్నాను. "మరి గా మాట వాళ్లకు చెప్తరా?" అంది. చెప్తానన్నాను. ఆమె తల వంచుకుని నవ్వింది. వచ్చేటప్పుడు దారంతా నాకు ఆ నవ్వే గుర్తుంది. ఆలోచించుకుని చెప్తామన్నాడు వాళ్ల నాయిన. ఆ తర్వాత ఏ ఫోను మోగినా కోస్గి నుంచేమో అని ఉలిక్కిపడి ఎత్తేవాణ్ని. అవతల చీర అడిగే ఆడవాళ్ల గొంతు వినబడితే, జీవితంలో మొదటిసారి గిరాకీ మీద కోపం వచ్చేది.

సరిగ్గా అప్పుడే కేసు మొరాయించింది. ఛార్జింగ్ ఎక్కడం మానేసింది. చౌటుప్పల్ షాపాయన తన వల్ల కాదని, హైదరాబాదులో కోఠికి పొమ్మన్నాడు. నేను బస్సెక్కాను. నా ఫోను దారిలోనే ఆగిపోయింది. ఆ పూటే అమ్మాయి తండ్రి నాకు ఫోను చేశాడట. కలవకపోయేసరికి ఇంట్లో అవ్వ దగ్గరున్న బటన్ల ఫోనుకు చేశాడు. వాళ్లేం మాట్లాడుకున్నారో నాకు తర్వాత తెలిసింది.

"మనుమడు యాడికి పోయిండు అవ్వా? ఫోను కలుస్తలేదు."

"హైదరాబాద్ పోయిండు బిడ్డా. కేసు పని మీద."

"ఏం కేసు?"

"బ్యాటరీ కేసు. కోఠిల కేసులు చూసేటాయన ఉన్నడంట, చానా తెలివిగలోడంట. పాతది నడవకుంటే కొత్త కేసు పెడ్తడంట."

"గీ సంగతి ఊర్ల ఎరుకేనా?"

"దాచేదేమున్నది బిడ్డా! ఊరంత ఎరుకే. మా ఊర్ల గీ కేసున్నది మావోనికొక్కనికే."

అవ్వ నా గొప్ప చెప్పాననుకుంది. అవతలాయన ఇంకో మాట లేకుండా ఫోను పెట్టేశాడు. ఎందుకు పెట్టెయ్యడు? అంతకుముందు ఎండాకాలంలోనే చేను దగ్గర నిలిపిన ఆయన ట్రాక్టరు బ్యాటరీని ఎవరో విప్పుకుపోయారు. ఎంత తిరిగినా దొరకలేదు. బ్యాటరీ అన్న మాట వింటేనే ఆయనకు ఒళ్లు మండేది. అలాంటిది కాబోయే అల్లుడి మీదే బ్యాటరీ కేసు, అదీ వకీలు దాకా పోయిన కేసు!

ఆ ఫోను వచ్చిన సంగతి చెప్పడం అవ్వ మరిచిపోయింది కాబట్టి మాకు ఇదేం తెలియదు. కోస్గి నుంచి కబురు లేదు. మేం నచ్చలేదేమోలే అన్నాడు బాపు, మగ్గం మీది నుంచి తలెత్తకుండా. నాకు అన్నం సయించలేదు. అడిగితే బాగుండదని అడగలేదు, మరిచిపోదామంటే మనసు ఒప్పుకోలేదు.

ఒకరోజు పొద్దున అమ్మాయే ఫోను చేసింది. నేను చేతిలో ఉన్న చీరను మడత పెట్టడం కూడా మరిచిపోయి నిలబడిపోయాను.

"ఒక మాట అడుగుత, ఏమనుకోరు గద? మీ బ్యాటరీ కేసు సంగతి మా నాయినకు తెల్సింది. నిజమేనా?"

నా వ్యాపారం గురించి అంత శ్రద్ధగా అడుగుతోందని నాకు సంబరమైంది. "నిజమే. ఏడాది దాటింది" అన్నాను.

"ఎందుకు గట్ల చేసిన్రు?"

"ఏం జెయ్యాలె మరి? దినమంత తిరిగేటోన్ని. మధ్యల బ్యాటరీ లేకుంటే పని నడవది. అవసరం పడ్డది, తీస్కున్న."

ఆమె మెల్లగా, "ఇంట్లోళ్లకు బరువు గాదా?" అంది.

"బరువే. బాపు తిడ్తనే ఉంటడు. గని నాకు అలవాటైపోయింది."

"వేడి మీద ఉన్నదా ఇంక?"

"అప్పుడప్పుడు వేడయితది. గప్పుడు మనం జర దూరమున్నమంటే అదే సల్లవడ్తది. ఫికర్ లేదు."

"ఉన్నది ఉన్నట్టు చెప్పిన్రు" అని ఫోను పెట్టేసింది. ఎంత తెలివైన పిల్ల, వేడెక్కే సంగతి కూడా తనకు ఎరుకే అనుకుని నేను పొంగిపోయాను.

ఆ ఆదివారం వాళ్ల నాయిన ఒక్కడే మా ఇల్లు చూడటానికి వచ్చాడు. మగ్గం పక్కన మంచం వాల్చి కూర్చోబెట్టాం. చాయ్ ఇచ్చాం. ఆయన చాయ్ తాగలేదు. ఇంటిని చూడలేదు. నన్ను పైకీ కిందికీ చూసి, "బిడ్డా, తిప్పి తిప్పి మాట్లాడుడు నాకు రాదు. గా బ్యాటరీ కేసు ఏందో జర చూపియ్యి" అన్నాడు. కోర్టు కాయితాలు తెస్తాననుకున్నాడట. నేను జేబులోంచి కేసు తీసి, ఫోను ఊడదీసి, ఆయన అరచేతిలో పెట్టాను.

ఆయన దాన్ని తిప్పి చూశాడు. బరువు చూశాడు. "ఇదేంది?" అన్నాడు.

"కేసు" అన్నాను.

"గిదేనా బ్యాటరీ కేసంటే?"

"గిదే. కోఠిల బాగు చేయించుకొచ్చిన."

మంచం కిర్రుమనేలా నవ్వాడాయన. నవ్వు ఆగాక ట్రాక్టరు సంగతి, అవ్వతో మాట్లాడిన సంగతి, తాను నా కోసం ఊహించిన జైలు సంగతీ చెప్పాడు. బాపు మగ్గం ఆపి కళ్లు తుడుచుకున్నాడు. తన మాటల్లో నవ్వేదేముందో అవ్వకు ఎంతకీ అర్థం కాలేదు. "ఉన్న మాటనే గద చెప్పిన" అని గునిసింది.

చల్లారిన చాయ్ తాగుతూ ఆయన అన్నాడు: "నేనైతే గా పొద్దే వద్దన్న బిడ్డా. మా పిల్లనే అడ్డం పడ్డది. ఆయినను అడుగకుండ కాదనుడు అన్యాలం అన్నది. అడిగినంక, ఏదీ దాచలే నాయినా, ఒక్కపారి పోయి కండ్లార చూసి రా అని ఎంటబడ్డది."

నా నవ్వు ఆగిపోయింది. నన్ను దొంగ అనుకున్న రోజుల్లో కూడా నా తరఫున మాట్లాడిన మనిషి ఒకరున్నారు, ఆ సంగతే నాకు తెలియదు. వాళ్లింకా నవ్వుకుంటుండగానే నేను వాకిట్లోకి పోయి ఆమెకు ఫోను చేశాను. ఉన్న విషయం చెప్పాను. మొదట ఆమెకు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఎంత నవ్విందంటే ఫోను చెవికి దూరంగా పెట్టుకోవాల్సి వచ్చింది.

"మరి మీ నాయినకు అంత నచ్చినట్టే ఉన్నది" అన్నాను.

"మా నాయినకు కేసు నచ్చింది, మంచిదే" అంది ఆమె. "మరి నా సంగతేంది? మీకు నేను నచ్చిననో లేదో ఇంతవరకు ఒక్కరు గూడ చెప్పలే."

వాళ్ల జవాబు కోసం నేను తిండి మానుకుని ఎదురుచూశానే గానీ, ఆమె కూడా అక్కడ నా జవాబు కోసమే ఎదురుచూస్తోందని ఒక్కసారీ తోచలేదు. బాపుకు చెప్పాను, అవ్వకు చెప్పాను. చెప్పాల్సిన మనిషికి మాత్రం చెప్పలేదు.

"నచ్చిన్రు" అన్నాను. "ఆ రోజే నచ్చిన్రు."

"గా మాట అప్పుడే చెప్తే అయిపోతుండె గద" అంది ఆమె, ఈసారి నవ్వకుండా.