నాలుగింటికి కదిలే కారు

మా మేనత్త పోయి పన్నెండు రోజులయింది. పొద్దున చాయ్ తాగి, కుట్టుమిషను ముందు కూర్చుని, అట్లాగే ఒరిగిపోయిందని పక్కింటివాళ్లు ఫోన్ చేశారు. ఇబ్రహీంపట్నంలో చాలామందికి ఆమె జాకెట్లు కుట్టే మనిషి. నాకు గుర్తొచ్చేది మాత్రం ఆమె చేతుల్లోని పాత రిమోట్ కారు.

దాన్ని మామ దుబాయిలో డ్రైవరు పని మానేసి వచ్చేటప్పుడు తెచ్చాడు. పిల్లల్లేరు, తను ఆడుకోవడానికే తెచ్చుకున్నాడు. ఆయన పోయాక అత్త దాన్ని ఆగిపోనివ్వలేదు. ఆ కారు విడిభాగాలు ఎక్కడా దొరికేవి కావు. పాడైన టేపురికార్డర్లు, ప్రింటర్లు విప్పి పళ్లచక్రాలు తీసేది. సూదిమొనతో ఒక్కొక్క పన్నూ లెక్కపెట్టేది.

"సైజు చూసి మోసపోకు బిడ్డా. పండ్లు లెక్కవెట్టు. ఒక్కటి తేడా వచ్చినా రెండు చక్రాలూ అరుగుతయి" అనేది. ఇవాళ కంప్యూటర్లు బాగుచేసి బతుకుతున్నానంటే, ఆ ఓపిక ఆమె పెట్టిన భిక్షే.

ఒక వేసవిలో కారు రిమోట్ మాట వినడం మానేసింది. కారులోనూ రిమోట్‌లోనూ క్రిస్టల్ అని గోరంత ముక్క ఉంటుంది. అవి జత కలిస్తేనే కారు కదులుతుంది. కారులోది చెడిపోయింది. ఇద్దరం కోఠికి వెళ్లి, పాత రేడియో సామాన్ల దుకాణంలో వేరే జత తెచ్చి రెండింట్లోనూ మార్చాం. నడిచింది.

మర్నాడు సాయంత్రం నాలుగింటికి, రిమోట్ అల్మారాలో ఉండగానే, నేల మీద కారు జానెడు ముందుకు జరిగి ఆగింది. మళ్లీ జరిగింది. వారం రోజులు అదే వేళకు అదే తంతు.

అత్త నన్ను పిలిపించి, గొంతు తగ్గించి చెప్పింది: "మీ మామ గిట్లనే జరుపుతుండె. జానెడు, జానెడు."

"దగ్గర్ల ఎవరి దగ్గరనో గిసొంటి రిమోటే ఉండొచ్చు అత్తా. క్రిస్టల్ మారిస్తే ఆగుతది" అన్నాను.

"ఆగుతది. గని ఒత్తేదెవరో తెల్వద్దా?"

నాలుగు కాగానే కారును రెండు చేతుల్లో పట్టుకుని బయల్దేరింది. ఇంటి వెనక వెంచర్‌లో సున్నం కొట్టిన రాళ్లు, ఎండిన గడ్డి. మనిషన్నవాడు లేడు. రోడ్డు వైపు నడిస్తే చక్రాలు ఆగేవి. లోపలికి నడిస్తే గిర్రున తిరిగేవి. "ఎవరు?" అని అత్త ఆ ఖాళీ ప్లాట్లను అడిగింది. చక్రాలు తిరిగాయి.

తలెత్తి చూశాం. వెంచర్ అంచున కొత్త అపార్ట్‌మెంట్, రెండో అంతస్తు బాల్కనీలో చక్రాల కుర్చీ, దాంట్లో ఒక ముసలాయన. ఒడిలో రిమోట్ ఉంది. కారు లేదు.

వాచ్‌మన్ చెప్పాడు: "పక్షవాతమమ్మా. ఏలు కదిలియ్యాలని దవాఖానల చెప్పిన్రట. ఇంట్ల ఏదో పాత రిమోటుంటే చేతికిచ్చిన్రు. నాలుగు కొట్టంగనే ఒత్తుతడు."

అత్త తేలికపడుతుందనుకున్నాను. ఇల్లు చేరాం. గుమ్మంలో కూర్చుని, "అయితే ఆయన కాదన్నట్టు" అని ఏడ్చింది. మామ పోయిన రోజున కూడా అంత ఏడవలేదు.

మర్నాడు నాలుగింటికి కారును డాబా మీద, ఆ బాల్కనీకి కనబడేలా పెట్టింది. కారు కదిలింది. ముసలాయన నోరు తెరుచుకుని ఉండిపోయాడు. అప్పటినుంచి రోజూ అంతే. కారు పిట్టగోడ దాకా పోతే అత్త దాన్ని ఇటు తిప్పి పెట్టేది. ఆయన మళ్లీ ఒత్తేవాడు.

"ఒక్కసారి పోయి మాట్లాడరాదా?" అని అడిగాను.

"ఆయనకు మాటొస్తలేదు బిడ్డా. నాకు మాటలతోని పనేముంది?"

నిన్న కర్మ ముగిశాక నేనే కారును డాబా మీదికి తీసుకెళ్లాను. ముసలాయన బాల్కనీలోనే ఉన్నాడు. ఆయనకు ఎవరూ కబురు చెప్పలేదు. నాలుగు దాటింది. కారు కదల్లేదు. స్విచ్ చూశాను, వేసే ఉంది. బ్యాటరీ నిండుగా ఉంది. ఆయన కారును చూడడం లేదు. నా వైపే చూస్తున్నాడు. కానీ నన్ను కాదు.

చాలాసేపటికి నాకు అర్థమయింది, నేను అత్త నిలబడే చోటే నిలబడ్డానని. ఆ చోటు వదిలి ఒక అడుగు పక్కకు జరిగాను.

కారు మెల్లగా బయల్దేరింది.