చుక్కల రోడ్డు

మా బావ ఇల్లు కొనడానికి పంతొమ్మిదేళ్లు ఆలోచించాడు. అచ్చుతప్పు అనుకునేరు, నెలలు కాదు, ఏళ్లే. ఈ పంతొమ్మిదేళ్లలో మా అక్క తొమ్మిది అద్దె ఇళ్లు మారింది. ఏం ఖర్మో గానీ, గోడకి మేకు కొడితే ప్రాణం పోయినట్టు అరిచే ఇంటివాళ్లే దొరికారు దానికి అన్నిచోట్లా. మా నాన్న కొనిచ్చిన గోడగడియారం తొమ్మిది ఇళ్లలోనూ ఫ్రిజ్ మీదే కాలక్షేపం చేసింది. టైము చూడాలంటే వంటింట్లోకి వెళ్లి మునివేళ్ల మీద లేవాలి.

"నాకు మేడలూ మిద్దెలూ వద్దే. నాకు నచ్చినచోట ఒక్క మేకు కొట్టుకునే ఇల్లు చాలు" అనేది అక్క.

బావది ఊళ్ల మ్యాపులు గీసే ఆఫీసులో ఉద్యోగం. ఏ ఊరు ఎటు పెరుగుతుందో, ఎక్కడ రోడ్డు పడుతుందో ముందుగా కాగితం మీదికి ఎక్కించేది వాళ్లే. ఉన్న రోడ్డుకి నిండు గీత, రాబోయే రోడ్డుకి చుక్కల గీత. ఆ ఆఫీసులో ఇది అ, ఆ లాంటిది. బావని అక్కడ అందరూ 'టక్‌టక్' అనేవాళ్లు. ఆలోచనలో పడ్డాడంటే పెన్ను మొనతో కాగితం మీద టక్ టక్‌మని కొడుతూనే ఉంటాడు. చేతికింద స్కేలు ఉంటే స్కేలు వెంబడే కొట్టుకుంటూ పోతాడు. మా అక్కవాళ్లింట్లో పాత పేపరు ఏది తీసినా ఆటలమ్మ పోసినట్టు ఉండేది. ఒకసారి నా కొడుకు లెక్కల పుస్తకం మీద కూడా కొట్టి పెట్టాడు. వాడి పంతులమ్మ అవి దశాంశ బిందువులనుకుని మార్కులు తీసేసింది.

ఆదివారం వచ్చిందంటే బావ ఒక నోటుపుస్తకం చంకన పెట్టుకుని ఏదో ఒక శివారు ఊరికి బస్సెక్కేవాడు. ఇంటిని చూడ్డం తర్వాత, ముందు ఊరిని చూడాలి అనేవాడు. ఎలా చూసేవాడనుకున్నారు? ముందు చెప్పుల కొట్టు దగ్గర నిలబడేవాడు. పిల్లల చెప్పులు ముందు వరసలో పెట్టారా, వెనక పెట్టారా? తర్వాత మంగలి షాపులో కుర్చీలెన్ని, వాటిలో ఖాళీలెన్ని? చివరి స్టాపులో బస్సు దిగేవాళ్లు ఎక్కేవాళ్ల కంటే ఎక్కువా, తక్కువా? ఇవన్నీ రాసుకుని సాయంత్రానికి ఇంటికొచ్చి తీర్పు చెప్పేవాడు.

"లాభం లేదు. అన్నీ పెద్దవాళ్ల సైజులే. ఆ ఊరు ముసలిదైపోతోంది."

ఇంకో వారం ఇంకో ఊరు. "అక్కడ జనం మరీ ఎక్కువ వస్తున్నారు. పదేళ్లలో గుక్కెడు నీళ్లు దొరకవు."

బావ వద్దన్న ఊళ్లన్నీ బాగుపడ్డాయండీ! ఒక్కటంటే ఒక్కటి చెడిపోలేదు. ముసలిదైపోతోందన్న ఊళ్లో ఇప్పుడు రెండు కాలేజీలు. నీళ్లు దొరకవన్న ఊళ్లో పిల్లలు ఈత నేర్చుకునే కొలనే కట్టారు. ఏ ఊరి వాళ్లయినా బాగుపడాలంటే మా బావని తీసుకెళ్లి ఒకసారి 'వద్దు' అనిపించుకుంటే సరిపోతుందని మా ఆయన వేళాకోళం చేసేవాడు. అక్క కూడా నవ్వేది. నవ్వుతూనే పాత బస్తీలో ఇంకో అద్దె ఇంటికి సామాన్లు సర్దేది.

ఎనిమిదో ఇంటివాళ్లు ఖాళీ చెయ్యమన్న రోజు నేను సాయానికి వెళ్లాను. అక్క గడియారాన్ని పాత దుప్పట్లో చుడుతోంది. యాభై ఏళ్ల మనిషి, పసిపిల్లని చుట్టినట్టు చుడుతోంది. పక్కన బావ నోటుపుస్తకం తెరుచుకుని మీనమేషాలు లెక్కపెడుతున్నాడు. నాకు కడుపు మండిపోయింది. అసలే నాకు నోరెక్కువ.

"ఎందుకు బావా నీకీ చదువు? మా అక్క పోయాక కొంటావా ఇల్లు? కొను. దాని ఫొటో తగిలించుకోవడానికి మేకు పనికొస్తుంది!"

ఆ మాట అన్నది నేనే. ఇప్పటికీ నాలుక కోసుకోవాలనిపిస్తుంది. అక్క నన్ను కసిరింది. బావ పెన్ను మూత పెట్టేసి, నోటుపుస్తకం అట్టపెట్టెలో వేసి, సామాను మోయడానికి లేచాడు.

మూడు వారాల తర్వాత బావ 'సరే' అన్నాడు. నా చెవులు నేనే నమ్మలేదు. ఏ ఊరని కనుక్కుంటే నమ్మబుద్ధి కాలేదు. సిటీ బస్సు చివరి స్టాపు కూడా దాటి ఇంకా అరగంట లోపలికి వెళ్లాలి. అట్టపెట్టెల ఫ్యాక్టరీ ఒకటి ఉంటే అదీ సగం మూసేశారు. చెప్పుల కొట్లో పిల్లల వరసే లేదు.

"ఇదేమిటి బావా? నీ లెక్క ప్రకారమే ఇది పనికిరాదుగా" అన్నాను.

బావ ముసిముసిగా నవ్వాడు. చాలా ఏళ్లకి ఆయన మొహంలో నవ్వు చూశాను. కంప్యూటర్లో కొత్తగా తయారైన మ్యాపు తీసి పరిచాడు. పెద్ద రహదారి నుంచి తిన్నగా ఆ ఊరి దాకా ఎర్రటి చుక్కల గీత.

"ముప్పై మీటర్ల వెడల్పు రోడ్డు. ఆ ఇంటి వెనక గోడకి పట్టుమని వంద అడుగులు లేదు. ఈ సంగతి బయట ఎవరికీ తెలీదింకా. తెలిశాక మనం కొనలేం" అన్నాడు.

ఆ ఇంటిని బావ పది రకాలుగా పరీక్ష చేశాడు. గోడలకి చెమ్ముందేమోనని చెంప ఆనించి చూశాడు. జోరువానలో గొడుగేసుకుని వెళ్లి నీళ్లెటు పోతున్నాయో కనిపెట్టాడు. చుట్టుపక్కల ఎవరెందుకు వచ్చారు, ఎవరెందుకు పోతున్నారు అని ఆరా తీశాడు. ఒక్క మ్యాపుని మాత్రం పరీక్ష చెయ్యలేదు. ఎందుకు చేస్తాడు? అది వాళ్ల ఆఫీసు మ్యాపు. ప్రపంచంలో అన్నిటినీ అనుమానించే మనిషి, తన ఆఫీసు కాగితాన్ని అమ్మ మాటలా నమ్మాడు.

ఇంట్లో దిగిన రోజు అక్క పదకొండు మేకులు కొట్టింది. తగిలించడానికి ఉన్నవి మూడే. "మిగతావెందుకే?" అంటే, "ఉండనీవే, నా గోడ!" అంది. గడియారం ముందు గదిలో, గుమ్మంలోంచే కనపడేచోట ఎక్కింది. అక్కడితో ఆగలేదు. వెనక గోడ పగలగొట్టించి అక్కడో ఇనుప గేటు పెట్టించింది. మేస్త్రీకి నవ్వాగలేదు.

"అటు గడ్డి తప్ప ఏముందమ్మా? గేటు గేదెలకా?"

"రోడ్డుకి. అటే వస్తుంది. రేపు అదే మా వీధిగుమ్మం" అంది అక్క. గేటుకి నీలం రంగు తనే వేసుకుంది.

ఏడాది తిరిగింది. మిగిలిన సగం ఫ్యాక్టరీ కూడా మూసేశారు. రోజుకి ఆరు బస్సులు మూడయ్యాయి, మూడు రెండయ్యాయి. బడిని పక్క ఊళ్లో కలిపేశారు. మందుల షాపు పోయింది. చెప్పుల కొట్టువాడు ఉన్న సరుకంతా సగం ధరకి అమ్మేసి తాళం వేస్తుంటే, బావ ఎదురుగా నిలబడి చూశాడట. అక్క మాత్రం అందరికీ ధైర్యం చెప్పేది. "రోడ్డు పడనీండి, మీరే చూస్తారుగా" అనేది. రోజూ పొద్దున్నే వెనక గేటు ముందు గడ్డి పీకి శుభ్రం చేసేది.

రెండో ఏడాది చివర్లో ఒక మధ్యాహ్నం బావ నా కుట్టు షాపుకి వచ్చాడు. చంకలో కాగితాల చుట్ట ఉంది. మొహంలో నెత్తుటి చుక్క లేదు. వాళ్ల ఆఫీసు వేరే భవనంలోకి మారుతోందని, పాత చేతిరాత మ్యాపులన్నీ చిత్తుకాగితాల కింద పారేస్తున్నారని చెప్పి, ఆ చుట్టని నేను గుడ్డ కత్తిరించే బల్ల మీద పరిచాడు.

"కంప్యూటర్‌వాళ్లు కొత్త మ్యాపు దీన్ని చూసే చేశారు. ఈ చుక్కలు చూడు."

చూశాను. వరసగా సన్నటి సిరా చుక్కలు. ఒక్కొక్క దానికీ పక్కన చిన్న తోక ఉంది.

"నా పాత పెన్ను పాళీ కాస్త వంకర. ఏ చుక్క పెట్టినా తోక వచ్చేది" అన్నాడు బావ. తర్వాత నా స్కేలు తీసి ఆ వరస పక్కన పెట్టాడు. మొదటి చుక్క సున్నా దగ్గర, ఆఖరి చుక్క ముప్పై దగ్గర. ఒక్క చుక్క ఎక్కువ లేదు, తక్కువ లేదు.

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వొచ్చింది. నిజం చెప్తున్నాను, పగలబడి నవ్వాను. "మా అక్కకి నిజంగానే చుక్కలు చూపించావు బావా!" అన్నాను. ఆయన నవ్వలేదు. బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. 

"ఆఫీసులో చెప్పి తీయించెయ్యి" అన్నాను.

"చెప్పాను. మ్యాపులోకి ఎక్కిన రోడ్డు తీసెయ్యాలంటే, దాన్ని రద్దు చేసినట్టు ఉత్తర్వు ఉండాలట. వేస్తామన్న ఉత్తర్వే లేదు కదా, ఇంక దేన్ని రద్దు చేస్తారు? ఉండనివ్వండి సార్, అదేం తిండి అడుగుతోందా, నీళ్లడుగుతోందా అన్నారు."

"ఇల్లు అమ్మెయ్యి."

"ఎవరికి?"

 నా పనిలో కొలత తప్పితే విప్పి మళ్లీ కుడతాను. ఇదేం విప్పను?

"మీ అక్కకి చెప్పకు" అన్నాడు వెళ్తూ. చెప్పలేదు. ఎనిమిది నెలలు ఆ మాట కడుపులో దాచుకున్నాను. దాని ఇంటికి వెళ్లినప్పుడల్లా అది గేటు ముందు గడ్డి పీకుతుంటే చూడలేక లోపలికి పోయేదాన్ని.

మొన్న ఒక ఆదివారం మధ్యాహ్నం నేను అక్కడ ఉండగానే ఒక జంట వచ్చారు. అతనికి బ్యాంకులో ఉద్యోగం. ఆ అమ్మాయికి ఏడో నెలో ఎనిమిదో నెలో. పక్కిల్లు చూడ్డానికి వచ్చారట.

"మ్యాపుల ఆఫీసు ఆయనే ఇక్కడ ఇల్లు కొన్నారని బ్రోకరు చెప్పాడండీ. అంటే ఊరికి భవిష్యత్తు ఉన్నట్టే కదా? ఒకసారి మీ నోటితో విందామని వచ్చాం" అన్నాడతను.

బ్రోకరు ఈ ముక్క చెప్పే ఆ వీధిలో అప్పటికే నాలుగిళ్లు అమ్మాడు. అది మాకు ఆ రోజే తెలిసింది. బావ వేలితో కుర్చీ చెయ్యి మీద టక్ టక్‌మని కొడుతున్నాడు.

అక్క వంటింట్లోంచి వచ్చింది. "రోడ్డు వస్తుందమ్మా, రాకెక్కడికి పోతుంది? మేం గేటు కూడా పెట్టించుకున్నాం. రా, చూద్దువుగాని" అని ఆ అమ్మాయిని చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకెళ్లింది. ఆ అమ్మాయి గేటు చూసి, గడ్డి చూసి, అటు రోడ్డు ఉన్నట్టే తృప్తిగా నవ్వుకుంటూ వచ్చి కూర్చుంది. అక్క ట్రేలో టీ తెచ్చింది.

బావ ఆ అమ్మాయి కడుపు వంక చూశాడు. అక్క వంక చూశాడు.

"రాదు" అన్నాడు.

లోపలికి వెళ్లి బీరువా మీంచి ఆ చుట్ట తెచ్చి నేల మీద పరిచి, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. స్కేలు కూడా పెట్టి చూపించాడు. అక్క చేతిలో ట్రే అలాగే ఉంది.

ఆ కుర్రాడు అంతా విన్నాడు. పెళ్లాం వంక చూశాడు. తర్వాత తెలివిగా నవ్వాడు.

"అర్థమైందిలెండి సార్. పక్కిల్లు కూడా మీరే తీసుకుందామనుకుంటున్నారా? ముందే చెప్పచ్చుగా!"

టీ తాగి, దణ్ణం పెట్టి వెళ్లిపోయారు. వారం తిరక్కుండా ఆ ఇల్లు కొనేశారు. మ్యాపులాయన రాదు రాదు అని భయపెడుతున్నాడంటే రోడ్డు ఖాయమని బ్రోకరు ఇప్పుడు ఇంకో ముక్క కలిపి చెబుతున్నాడట.

ఆ రోజు వాళ్లు వెళ్లాక అక్క ట్రే కింద పెట్టింది. వెనక్కి వెళ్లి గేటు గడియ వేసి వచ్చింది. నేల మీద కూర్చుని ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. మూల మీద చిన్న అక్షరాలతో తారీఖు వేసి ఉంది. ఇరవై రెండేళ్ల కిందటిది.

"మొదటి ఇంటివాళ్లు ఖాళీ చెయ్యమన్న నెల ఇది. గడియారం కోసం మేకు కొట్టానని" అంది.

బావ తల దించుకున్నాడు. ముందు గదిలో గడియారం చప్పుడు వినపడుతోంది.

"ఏం ఆలోచిస్తూ కొట్టారండీ ఇన్ని చుక్కలు?" అని అడిగింది అక్క. గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"నీకు ఇల్లు ఎక్కడ కొనాలా అని" అన్నాడు బావ.