ముందు గడప దాటిన ఎస్తేరు టీచర్

గాంధీనగర్‌లో మా ఇంటి మలుపు దగ్గర ఒక ఇస్త్రీ బండి ఉంది. గంజి పెట్టిన నూలు చీర మీద నీళ్లు చిలకరించి పెట్టె తోసినప్పుడు ఆవిరితో పాటు ఒక వాసన లేస్తుంది. కిటికీలోంచి అది లోపలికి రాగానే నా చేతిలో పని ఆగిపోతుంది. ఎర్రటి దుమ్ము, బడి వరండా, గంజి చీరలో మా ఎస్తేరు టీచర్ నడిచి వస్తున్న చప్పుడు, అన్నీ నీళ్లలో నీడల్లా కదులుతాయి.

ఆమె మాకు చరిత్ర చెప్పేది. మాది బండ్రి అనే ఊరు, చదువు కోసం బళ్లారిలో మేనత్త ఇంట్లో ఉండేదాన్ని. ఒక మధ్యాహ్నం యూరప్ భూస్వాముల పాఠం వచ్చింది. దొర పొలం దున్నాకే రైతు తన చెక్క భూమి దున్నుకోవాలి, దొర ఒప్పుకోనిదే పెళ్లి లేదు, ఊరు విడిచి పోకూడదు అని చదువుతూ చదువుతూ ఆమె పుస్తకం మూసేసింది.

"దూరదేశం కత అనుకుంటాండారా? మా నాయన ఏసప్ప బండ్రిలో ఒక పెద్దింట్లో జీతానికుండె. తెల్లారకముందే పేడ ఎత్తల్ల, మడక కట్టల్ల, రాత్రికి గొడ్ల కొట్టంలోనే పండుకోవల్ల. ఏడాదికిన్ని జొన్నలు, ఒక కంబళి. ఆ ఇంట్లో ఎవరన్నా పోతే సావు కబురు ఊరూరికీ నడిచి మోసేదీ ఆయనే. ఇప్పుడు ముసలోడైనాడు, జీతం మానేసినాడు. అయినా పిలిస్తే పోతాడు."

ఆమె నా వైపు చూడలేదు. ఆ ఇల్లు మాదేనని మా ఇద్దరికీ తెలుసు.

ఆ వేసవి సెలవుల్లో నేను బండ్రిలో ఉండగా మా అవ్వ చనిపోయింది. ఇంట్లో ఫోనున్నా తాత మొదట అన్న మాట, "ఏసప్పను పిలిపించండి." అది ఆయనకు పరువు. ఏసప్ప అప్పటికి బళ్లారిలో కూతురి దగ్గర ఉంటున్నాడు, అక్కడికి మనిషి వెళ్లాడు. ఎండ వాలుతుండగా బస్సు దిగి ఎస్తేరు టీచర్ వచ్చింది. వాళ్లవాళ్లు ఎప్పుడూ పెరటి వైపు నుంచి వచ్చి కొట్టం దగ్గరే నిలబడేవాళ్లు. ఆమె చెప్పులు విడిచి ముందు గడప దాటింది. చుట్టాలు పక్కకు జరిగారు.

"మా నాయన రాడప్పా. మోకాళ్లు పోయినాయి," అంది తాతతో.

"మరి కబురు?"

"ఫోనుండాది కదప్పా, చేయండి. నేను కబురు మోసేదానికి రాలేదు. అవ్వను చూసేదానికొచ్చినా. చిన్నప్పుడు నాకు జొరమొస్తే ఆయమ్మ ఎవరికీ తెలీకుండా కొట్టంలోకొచ్చి నన్ను ఒళ్లో పండుకోబెట్టుకునింది."

ఆమెను గెంటేస్తారని, ఆమె చెప్పే బడికి నన్నిక పంపరని భయపడి నేను స్తంభాన్ని పట్టుకుని నిలబడ్డాను. తాత అవ్వ ముఖం వైపు చూశాడు. ఆ సంగతి ఆయనకూ అప్పుడే తెలిసినట్టుంది.

"కూచోమ్మా," అన్నాడు.

ఏసప్ప ఇంటివాళ్లను ఆ ఇంట్లో ఎవరైనా అమ్మా అనడం నేను వినడం అదే మొదటిసారి. టీచర్ అవ్వ పాదాల దగ్గర కూర్చుని ఏడ్చింది. నేనూ వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. చుట్టాల్లో కొందరు గొణుక్కుంటూ లేచి వెళ్లిపోయారు. తాత ఫోను దగ్గరికి తనే నడిచాడు. తర్వాత ఎన్నడూ ఏసప్పకు పిలుపు పంపలేదు.

చీకటి పడుతుండగా నేను బస్సు దాకా తోడు వెళ్లాను. "మీకు భయం కాలేదా టీచర్?" అని అడిగాను.

"కాకేమి పాపా? గడప కాడ కాళ్లు గడగడ వణికినాయి. వణుకుతానే దాటినా."

నా మాట ఎవరికీ నచ్చదని తెలిసిన గదిలోకి వెళ్లేటప్పుడు నాకు ఇప్పటికీ కాళ్లు వణుకుతాయి. ఆ వణుకు తగ్గేదాకా బయట ఆగను. దానితోనే లోపలికి వెళ్తాను.