ముందు ఓనర్‌ని అడగాలి

అమెరికాలోని షామ్‌బర్గ్‌లో మా అందరికీ పెద్దదిక్కుగా ఉన్న భాస్కరం గారు ఇక లేరు. ఆఫీసుకు బయలుదేరబోతూ గుండెపోటుతో కూలిపోయారని వాళ్లమ్మాయి మృదుల ఫోన్ చేసింది. ముందురోజే ఒక ఫైలు విషయంలో నాకు చీవాట్లు పెట్టారు. ఆ ఉక్రోషం చల్లారకముందే ఈ దుఃఖం వచ్చి పడింది.

మా కంపెనీలో యూనిక్స్ సర్వర్ల సంరక్షణ ఆయన బాధ్యత. ఆ వ్యవస్థలో ప్రతి ఫైలుకూ ఒక యజమాని, ఒక బృందం ఉంటాయి. యజమాని, బృందం, మిగతా లోకం, వీరిలో ఎవరు చదవవచ్చో, ఎవరు మార్చవచ్చో విడివిడిగా నిర్ణయించాలి. మాకది తలనొప్పి, ఆయనకు ధర్మశాస్త్రం. ప్రోగ్రాం మొరాయిస్తే మేము మూడు ఏడులు కొట్టి, అందరికీ అన్ని అనుమతులూ ఇచ్చేసి చేతులు దులుపుకునేవాళ్లం. ఆ అంకెలు కంటబడితే చాలు, కాఫీ కప్పుతో సహా మా డెస్క్ దగ్గర ప్రత్యక్షమయ్యేవారు.

"ఏం నాయనా, ఇంటి దగ్గర గరాజ్ డోర్ కూడా ఇలాగే ఓపెన్ పెట్టి వస్తున్నావా?" అనేవారు.

ఒకసారి రిలీజ్ రోజున, సెలవులో ఉన్న సహోద్యోగి ఫోల్డర్ తెరవమని మేనేజర్ పట్టుబట్టాడు. ఏ తాళాన్నైనా తీయగల రూట్ అకౌంట్ ఈయన చేతిలోనే ఉంది. అయినా ఆ మనిషి ఫోన్‌కి దొరికి సరే అనేదాకా ముట్టుకోలేదు. "రూట్ ఉంది కదా అని అందరి ఇళ్లలోకీ దూరిపోకూడదు. ముందు ఓనర్‌ని అడగాలి" అని నాతో అన్నారు. రిలీజ్ ఆలస్యమైంది, మేనేజర్ మండిపడ్డాడు. ఈయన మాత్రం నిశ్చింతగా డబ్బా తెరిచి పెరుగన్నం తిన్నారు.

ఇంట్లోనూ ఇదే పట్టింపు. మృదుల హైస్కూల్లో ఉండగా ఇంటి సర్వర్‌లోని కుటుంబం ఫోటోలు సర్దబోయి సగం చెరిపేసింది. ఆయన పల్లెత్తు మాట అనలేదు, మార్చే అనుమతి మాత్రం తీసేశారు. ఆమె ఉద్యోగంలో చేరాక కూడా తిరిగి ఇమ్మని అడగలేదు. ఆ ముల్లు మాత్రం మనసులో ఉండిపోయింది.

సంతాప సభ కోసం బంధువులు పంపిన ఫోటోలను ఆ ఫోల్డర్‌లో చేర్చాల్సి వచ్చి మృదుల నన్ను పిలిచింది. "నాకు రీడ్ మాత్రమే ఉంది అంకుల్. డాడ్ నన్ను మళ్లీ ట్రస్ట్ చేయలేదు. మీరే రూట్‌తో యాడ్ చేసేయండి" అంది. ఆయన భార్య పాస్‌వర్డ్ కూడా చెప్పారు. అయినా నేను రూట్‌ని ముట్టుకోలేదు. ముందు యజమాని ఎవరో చూద్దామనుకున్నాను.

యజమాని మృదుల.

ఎప్పుడు మార్చారో తెలియదు. అన్ని అధికారాలూ కూతురికి రాసిచ్చి, తనను కుటుంబ బృందంలో ఉంచుకుని, చదివే అనుమతి మాత్రమే మిగుల్చుకున్నారు. కొన్నాళ్లుగా ఆ ఫోల్డర్‌లో కొత్త ఫోటో ఒక్కటీ లేదు. అన్నీ ఆయన ఫోన్‌లోనే ఉన్నాయి. చేతిలో రూట్ ఉన్నా వాడలేదు. కూతురిని అడగడానికి మొహమాటపడి ఉంటారు.

మృదుల తెర మీద తన పేరును వేలితో తాకి చాలాసేపు ఏడ్చింది. నాకూ కన్నీళ్లు ఆగలేదు.

ఇంతటి నిగ్రహం గల మనిషిని నేను మళ్లీ చూడబోను. ఆయనకు చేతులెత్తి నమస్కరించడం తప్ప నేనివ్వగలిగింది లేదు. ఆ రోజు ఆయన నేర్పిన ఒక్క పని మాత్రం సరిగ్గా చేశాను.

"ఓనర్‌వి నువ్వేనమ్మా. నేను ఓపెన్ చేయొచ్చా?" అని అడిగాను.