బండి ఆపించిన ప్రేమపాట

ఆ రోజుల్లో నాకు నచ్చిన పాట లోకమంతటికీ నచ్చి తీరాలనీ, నచ్చకపోతే అది లోకం ఖర్మ అనీ గట్టిగా నమ్మేవాణ్ణి. నరసరావుపేటలో డిగ్రీ చదువుతుండగా హాస్టల్లో ఒకడు నా పెన్‌డ్రైవ్‌లో ఒక ఇంగ్లీషు ప్రేమపాట ఎక్కించాడు. ఏదో ప్రయోగాల రాక్ బ్యాండ్ వాళ్లది. గిటార్లు పక్కన పెట్టి రేకు డబ్బాలు, ఇనప గొలుసులు వాయించారు. (వాయించారనే అనాలి, వాళ్లు కళాకారులు.) సగం పాటంతా ఆ కిరకిరలూ గడగడలే. తర్వాత అన్నీ ఒక్కసారిగా ఆగిపోయి, ఒక గొంతు మాత్రం ఒకే మాట పదే పదే పాడుతుంది. ఎన్నిసార్లు విన్నా అక్కడికి రాగానే వెనక్కి తిప్పి మళ్లీ వినేవాణ్ణి, ప్రేమించడానికి ఎవరూ లేకపోయినా సరే.

ఆ వేసవిలోనే మా అత్త పోయింది. మాచర్లలో నాపరాళ్ల లారీ తోలే మా మేనమామ భార్య. పిల్లల్లేరు. మామ ఏడవలేదు సరికదా, మాట్లాడటమే మానేశాడు. పెద్దకర్మ అయిన మర్నాడే లారీ ఎక్కాడు. "ఒరేయ్, నీ నోరు ఊరికే ఉండదు గదా, పక్కన కూకోని ఏందో ఒకటి వాగుతుండు. లోపల్లోపలే కుమిలి వాడు కూడా పోతాడేమోరా" అని అమ్మ కళ్లనీళ్లతో నన్ను పంపింది. మాచర్ల నుంచి వాగుతూనే ఉన్నాను. మామ ఊఁ కొట్టలేదు. చివరికి నోరెండి, పెన్‌డ్రైవ్ లారీ స్టీరియోకి తగిలించి, పాటల మీద భారం వేసి నిద్రపోయాను.

మెలకువ వచ్చేసరికి వినుకొండ దారిలో ఎర్రటెండలో ఆగి ఉన్నాం. వెనక రోడ్డు మీద తుమ్మకొమ్మ, దాని చుట్టూ రాళ్లు (బండి చెడిందని మావైపు బోర్డు అదే). మామ లారీ కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. సాయానికి ఆగిన ఇంకో డ్రైవరు కేబిన్‌లోకి ఎక్కి తాళం తిప్పాడు. గొలుసుల మోత మొదలైంది. కట్టేశాడు, ఆగిపోయింది. "ఇంజను అందుకోకముందే మోతేందయ్యా! నా సర్వీసులో ఇట్టాంటి రోగం సూళ్లా" అని నోరు తెరిచాడు.

"అది బండి కాదన్నా, పాట" అన్నాను బిక్కమొహంతో.

"పాటా? ఏం పాట?"

"ప్రేమపాట."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఈళ్లకి పిల్లనెవుడిస్తాడ్రా?" అంటూ దిగి వెళ్లిపోయాడు.

మా మాటలు విన్నట్టుంది, మామ చేతుల గ్రీజు తుడుచుకుంటూ వచ్చి సీట్లో కూర్చుని తాళం తిప్పాడు. తిడతాడనుకున్నాను. మోత సాగి సాగి ఆగింది. గొంతొక్కటే మిగిలింది. చానా రోజుల తర్వాత మామ నోరు విప్పాడు.

"ఏమంటన్నాడ్రా?"

"ఇంట్లో నీ అలికిడి లేదు అంటన్నాడు మామా."

మామ తాళం మీంచి చెయ్యి తీశాడు. "ట్రిప్పు కాణ్ణించి నేను ఆలీసెంగా వస్తే మీ అత్త గిన్నెలు ఇసిరి కొట్టేదిరా. ఆ మోత పడలేక లారీలో పడుకునేవాణ్ణి" అన్నాడు. అని, స్టీరింగు మీద తల పెట్టి భోరుమన్నాడు. ఏం చెయ్యాలో తెలియక నేనూ ఏడ్చాను. కాసేపటికి తువ్వాలుతో ముఖం తుడుచుకుని, "మళ్లా పెట్టు. మొదట్నించి, ఆ మోత కాణ్ణించి" అన్నాడు.

ఇప్పుడు మామ లేడు, ఆ లారీ లేదు. నాకు బట్టతల వచ్చింది, పాటల పిచ్చీ తగ్గింది. నేను ఆలస్యంగా ఇల్లు చేరినప్పుడు మాత్రం మా ఆవిడ వంటింట్లో గిన్నెలు ఎత్తి పడేస్తుంది. నేను కుర్చీలో కూర్చుని నవ్వుకుంటాను.

"ఏంది ఆ ఇకిలింపు?" అంటుంది.

"పాట వింటన్నా" అంటాను.

ఒళ్లు మండి ఇంకో గిన్నె విసురుతుంది. ఆ మోత ఆగకూడదని దేవుడికి దండం పెట్టుకుంటాను.