దక్షిణం వైపు చూసిన బాణం

కల్లూరు కొత్త ఇళ్లలో కరెంటు కార్లకు ఛార్జర్లు బిగించే పనిలో నేను పడ్డ భయాలన్నీ తక్కెడలో ఒక తట్టలో వేసి, ఒక బట్టల కొట్టాయన ఇంట్లో గడిపిన మధ్యాహ్నాన్ని ఇంకో తట్టలో వేస్తే, ఆ మధ్యాహ్నమే నేలకు దిగుతుంది.

ఆయన నాయన ముందుగదిలో ఆక్సిజన్ మిషను పెట్టుకుని పడుకుని ఉండేవాడు. వారానికి రెండుసార్లు ఆసుపత్రికి తీసుకుపోవడానికే కారు కొన్నారు. ఇన్వర్టరు ఇంకా రాలేదు.

"మెయిన్ స్విచ్చి పడి కరెంటు పోతే మా నాయన మిషను ఆగిపోతాది. జాగ్రత్తప్పా" అన్నాడు కొడుకు.

"పడితే నా మీసం తీసేస్తా" అన్నాను. నా మీసం అప్పట్లో రెండు చెవులనూ కలిపి కుట్టేంత పొడుగు.

మీటరు నుంచి ఇంట్లోకి పోయే లావు తీగకు, తెరిచి మూసే చేతిగాజులాంటి సెన్సరు ఒకటి తగిలించాను. ఇల్లు ఎంత కరెంటు తాగుతోందో అది ఛార్జరుకు చెబుతుంది. ఇల్లు ఎక్కువ తాగితే కారు తగ్గించుకుంటుంది, మెయిన్ పడదు. దాని మీదున్న బాణం గుర్తు ఇంటి వైపు చూడాలి. అట్లే పెట్టి, మీటరు పక్కనున్న పెట్టెకు మూత వేసి వచ్చాను.

మరుసటి మధ్యాహ్నం పరీక్ష. గోడ మీది బల్లి తన తోకనే తల మీద కప్పుకునేంత ఎండ. మూడు ఏసీలు, గీజరు, బోరు మోటారు, కారు, అన్నీ వేయించాను. ఛార్జరు ఒక్క ఆంపియరు కూడా తగ్గలేదు. రెండు నిమిషాలకు టప్పుమని మెయిన్ పడింది.

ఫ్యాను ఆగింది. ఆక్సిజన్ మిషను కీచుమని అరిచింది. కోడలు పరిగెత్తి, గొట్టాన్ని చిన్న సిలిండరుకు మార్చింది. నేను అన్నీ ఆపించి, మెయిన్ ఎత్తేసరికి నా చెమటకు హంద్రీ నదిలో వరద వచ్చుండాల. సిలిండరు ముల్లు ఎర్రగీత దగ్గరికి దిగింది.

పెట్టె తెరిచాను. బాణం వీధి వైపు తిరిగి ఉంది. దాని కొన మీద కుంకుమ బొట్టు.

ఇల్లే వీధికి కరెంటు పంపుతోందని ఛార్జరు అనుకుందన్నమాట! ఇక ఎందుకు తగ్గిస్తుంది?

"ఎవరు తిప్పినారు?"

"నేనే నాయనా" అంది ముసలాయన భార్య. "కొత్త మిషనుకు బొట్టు పెడదామని మూత తీసినా. బాణం దక్షిణం చూస్తాండాది. మా ముసలాయన ఊపిరి ఆ తీగ మీదనే ఉండాది. అది యముని ఇంటికి దోవ చూపిస్తాంటే నేను ఊరుకుంటానా?"

"అట్లే చూడాల పెద్దమ్మా, లేకుంటే మెయిన్ పడతాది."

"నువ్వు పోతానే మళ్లా తిప్పుతా."

తిప్పుతుంది. ఆ కళ్లు చూస్తేనే తెలిసింది.

"పోనీ, తీగ నిలువుగా పోయే చోట పెడతా. బాణం పైకి చూస్తాది."

"పైకా! అది ఇంకా దగ్గర దోవ గదప్పా!"

అప్పుడు పెట్టెలో నేను చుట్టి వదిలిన మిగులు తీగ కనబడింది. దాన్ని వెనక్కి మడిస్తే, ఆ మడతలో కరెంటు ఇంటికే పోతూ జానెడు దూరం ఉత్తరానికి నడుస్తుంది. కానీ తీగ కదిలించాలంటే మీటరు ముందరి ఫ్యూజులు పీకాలి. మిషను మళ్లీ ఆగుతుంది.

"ఎంతసేపు?" అన్నాడు కొడుకు, సిలిండరు ముల్లు చూస్తూ.

"పది నిమిషాలు."

"ఐదు."

ఫ్యూజులు పీకాను. గొట్టం సిలిండరుకు మారింది. తీగ కొండచిలువలా మొండికేసింది. నా పది వేళ్లూ ఇరవై అయ్యి ఒకదాన్నొకటి తొక్కుకున్నాయి. "ముల్లు ఎర్రలోకి వచ్చింది" అని కోడలు అరిచేసరికి సెన్సరు టిక్కుమని మూసుకుంది. ఫ్యూజులు పెట్టాను. మిషను మళ్లీ ఊపిరి పీల్చుకుంది.

అన్నీ వేయించాను. ఛార్జరు మీద ఆంపియర్ల అంకె ఇరవై ఎనిమిది, ఇరవై, పన్నెండు... ఆరు దగ్గర నిలబడింది. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. మెయిన్ కదల్లేదు. పెద్దమ్మ తన సెల్లులో దిక్సూచి తెరిచి చూసి, తల ఊపింది.

ముందుగదిలోంచి ముసలాయన సన్నని గొంతు వచ్చింది. "ఏమప్పా, పొద్దున ఒకసారి పడింది గదా. మీసం యాడికి పోయింది?"

"పొద్దున కాదు పెద్దాయనా, ఇప్పుడే, మధ్యాహ్నం" అన్నాను.

"ఎప్పుడైతే ఏమిలే, పడింది గదా."

ఆ రోజంతా నవ్వని పెద్దమ్మ పకపకా నవ్వి, కత్తెర వెతకడానికి లోపలికి పోయింది. నేను పనిముట్లు సర్దుకోవడం మొదలుపెట్టాను, శానా వేగంగా.